ఆగస్టు తేమ

సోహార్‌లో ఆగస్టు రాత్రి
గాలిని పిండితే చెంబుడు నీళ్లొస్తాయి.
సముద్రం మూడు కిలోమీటర్ల అవతల ఉంటుందన్న మాటే గానీ
కంచె దాటి, గేటు దగ్గర పాస్ అడిగే నేపాలీని దాటి
తిన్నగా మా కొలిమిలోకే వస్తుంది.

కరిగిన అల్యూమినియానికి దాహం ఎక్కువ.
తేమను పట్టి రెండుగా చీలుస్తుంది.
ఆక్సిజన్‌ను పైన తెట్టులా కప్పుకుంటుంది,
హైడ్రోజన్‌ను మాత్రం చప్పుడు చేయకుండా మింగుతుంది.
ఏమీ తిననట్టే
మూతి తుడుచుకుని
అద్దంలా మెరుస్తుంది.

చల్లారేటప్పుడు బయటపడుతుంది దొంగతిండి.
వేడిలో ఇరవై మందికి చోటిచ్చిన ఇల్లు
గడ్డకట్టగానే ఒక్కడికే అంటుంది.
మా క్యాంపు గదికి ఇది తిరగేసిన లెక్క.
మిగతా పందొమ్మిది మందీ ఎక్కడికి పోతారు?
ఒకరినొకరు పట్టుకుని
బుడగవుతారు.

లింబాద్రిది ఆర్గాన్ గొట్టం పని.
మడుగులోకి దాన్ని దించి
ఆ బుడగలతో ఈ గ్యాసును బయటికి రప్పిస్తాడు.
"పెండ్లికి పిలిచినట్టు పిలవాలె,
తోలితే రాదు" అంటాడు.
ఆ రాత్రి గొట్టం కొసన గ్రాఫైట్ చక్రం అరిగిపోయి ఉంది.
కొత్తది దుబాయ్‌లో బయల్దేరిందన్నారు.
తొమ్మిది రోజులుగా బయల్దేరుతూనే ఉంది.

నాది ల్యాబ్.
అతను గరిటెతో పోసిచ్చిన చిన్న కప్పుడు లోహాన్ని
గాజు మూత కింద గాలి లాగేసి గడ్డకట్టిస్తాను.
కోస్తాను. గరుకు కాగితం మీద,
ఇంకా సన్న గరుకు మీద,
చివరికి మఖమల్ మీద
నా ముఖం కనపడేదాకా రుద్దుతాను.
ఆసిడ్‌లో ఒక్క మునక.
నా ముఖం పోయి
అడవి వస్తుంది.

నిజంగా అడవే.
లోహం స్ఫటికమయ్యేటప్పుడు సరివి తోటలా లేస్తుంది.
కాండం, కాండానికి అడ్డంగా కొమ్మ, కొమ్మకు అడ్డంగా రెమ్మ.
వేళ్లుండవు.
చల్లటి గోడకు వీపు ఆనించి
వేడి ఉన్న వైపుకు ఎదుగుతూ పోతాయి.

ఆ రాత్రి అడవి మధ్యలో నల్లటి గుండ్రం.
దాని దగ్గరకొచ్చిన చెట్టు ఒకటి నడుం వంచింది.
ఒకటి తల ఆనించి అక్కడే ఆగిపోయింది.
బుడగకూ సుఖం లేదు,
రెండు కొమ్మల సందున ఇరుక్కుని
చింతకాయలా నొక్కులు పడింది.
ఎవరు ముందొచ్చారు, ఎవరు ఎవరిని తోశారు,
నాకు తెలీదు.
కొట్లాట అయిపోయాక వచ్చే పోలీసును నేను.

ఒక మూల మాత్రం చాలాసేపు చూశాను.
కాండం నుంచి తెగిన రెమ్మ.
బుడగ ఎగదన్నుకుంటూ పోతూ తెంచి ఉండాలి.
తెగింది కదా, కరిగిపోవచ్చు, పోలేదు.
ఎక్కడ ఆగిందో అక్కడే, వేరే దిక్కుకు తిరిగి,
నాలుగు వైపులా కొమ్మలేసింది.
అమ్మ చెట్టు పోలిక ఒక్కటీ లేని వాలు.

ఫారంలో దానికి గడి లేదు.
రంధ్రాల శాతం ఉంది,
పాస్, ఫెయిల్ ఉన్నాయి.
రాశాను.
సూపర్‌వైజర్ సలీమ్ అల్ బలూషీ కాగితం వంక చూసి
చేత్తో గాలిలో ఒక సున్నా చుట్టాడు,
మళ్లీ కొలిమిలోకి అని.
పద్నాలుగు దుంగలు.
క్రేన్ బీప్ బీప్‌మంటూ వెనక్కి మళ్లింది.

"ఏం కనబడ్డదే?"
తలుపు దగ్గర లింబాద్రి, చేతి తొడుగులు చంకలో.
పదకొండేళ్లుగా పోసిస్తున్నాడు, ఒక్కసారీ చూడలేదు.
కుర్చీ జరిపి చోటిచ్చాను.
వంగి, ఒక కన్ను మూసి, ఊపిరి బిగబట్టి,
పట్టలేక వదిలాడు.
కంటద్దం మీద ఆవిరి.
చొక్కా కొసతో తుడిచాడు. మళ్లీ పట్టింది.
తల ఎత్తి అడిగాడు,
"గిది గూడ అండ్ల కలుస్తదా?"