నకలుకి నడక

అసలు కంటే వడ్డీ ముద్దంటారు.
నాకు అసలు కంటే నకలు ముద్దు.
అసలుది వేలంపాటల్లో కోటీశ్వరుల చేతులు మారుతుంది,
ముప్పై ఏళ్లు స్కూలు బస్సు తోలినదాని
పెన్షన్‌కి అందదు.

మూడు చూశాను.
హెరెఫర్డ్‌లోది ఎర్రది, మొహం చూసుకోవచ్చు.
కింద పడుకుని టార్చి వేశాను:
పైన పటారం, లోన లొటారం,
తుప్పు మీద పుట్టీ, పుట్టీ మీద పుట్టీ.
అమ్మేవాడు టీ ఇచ్చాడు. తాగి వచ్చేశాను.

రెండోదానికి ఎనిమిది సిలిండర్లు.
తాళం తిప్పితే పక్క పొలంలో గొర్రెలు లేచి నిలబడ్డాయి.
ముక్కు మీద అంత ఇనుము మోసేది
మలుపులో నా మాటేం వింటుంది?

మూడోది కొండ వెనక కోళ్ల షెడ్డులో,
ఎవరో సగం కట్టి వదిలేసినది.
ఫైబర్ ఒళ్లంతా అలలు, బానెట్ ఓ పక్కకి అలిగింది.
ఛాసిస్‌కి మాత్రం మూల నుంచి మూలకి దారం లాగి చూశాను,
అటు ఎంతో ఇటూ అంతే,
నూలుపోగు తేడా లేదు.
"అందంగా లేదు కదా" అన్నాడు తెగ్విన్.
"నేను మాత్రం?" అన్నాను.

మొదటిరోజు కనుమ దారిలో
గుంత తగిలిన ప్రతిసారీ
స్టీరింగు తనంతట తను తిరిగింది,
పిల్లిని చూసిన కుక్క గొలుసు లాగినట్టు.
ర్యాక్ కింద రేకుముక్కలు పెట్టి, తీసి,
ఒకటి అరగదీసి మళ్లీ పెట్టి,
పదకొండోసారికి గుంత గుంతగానే మిగిలింది.

గట్టి స్ప్రింగులు పీకేశాను.
అవి వేగం కాదు, నడుంనొప్పి.
ఇంత తేలిక బండికి అంత గాలెందుకు?
పద్దెనిమిదికి దించాను.
టైరు అప్పుడు రోడ్డుని ముట్టుకుంది.

ఇక నాలుగు కాళ్ల మీదా బరువు సర్దాలి.
చక్రానికి రెండు చొప్పున
ఎనిమిది బాత్రూం తూకాలు అరువు తెచ్చాను.
ఆ వారం మా వీధిలో
ఎవరి బరువు ఎవరికీ తెలియలేదు.
సీట్లో నేను కూర్చుంటే స్పానర్ తిప్పేదెవరు?
నా బరువుకి బంగాళాదుంపల బస్తాలు పెట్టి
చలికి కాదుగానీ, ఊరికే, నా కోటు కప్పాను.
కిటికీలోంచి నెస్టా పలకరించింది:
"ఏం డెలిత్, ఉలకవు పలకవు?"

శనివారం కనుమ మీద
చెప్పకముందే తిరిగింది.
చెప్పకముందే అంటే అబద్ధం,
నా తుంటి చెప్పింది, చేతికి తర్వాత తెలిసింది.
నవ్వొచ్చి గేరు మర్చిపోయాను.

ఆదివారం నెస్టా పక్కన ఎక్కింది.
ఒడిలో కేకు డబ్బా, నోట్లో ఊరి కబుర్లు.
అవే మలుపులు. బండి ఎడమకి ఒరిగి
ఒక్క క్షణం ఆలోచించింది.
ఆమెకి తెలియలేదు.
బంగాళాదుంపలకీ నాకూ తెలుసు.

ఒక్కదాన్నే అనుకుని సర్దిన బండి.
రింగు అర చుట్టు తిప్పితే చాలేమో,
ఒకటిన్నరేమో.
తూకాలన్నీ తిరిగిచ్చేశాను.
నెస్టానే అడగాలి, నీ బరువెంత అని.

ర్యాక్ కింద రేకు
పదకొండుసార్లు మార్చినదాన్ని,
ఆ ఒక్క మాటకి
మూడురోజులుగా నోరు రావడం లేదు.