రెండు వెంట్రుకల సందు

పదకొండు మేకల్ని అమ్మి
ఫిదెన్సియో తెచ్చిన పెట్టె నా బల్ల మీద ఉంది.
అందులో రెండు జతల క్రౌనూ పినియనూ,
గాలితో బిగుసుకునే లాకరూ.
కొత్తవి ముప్పై తొమ్మిది పళ్లకు ఎనిమిది.
పాతవి నలభై ఒకటికి పది.
"ఇంతేనా తేడా, తాచా?" అన్నాడు,
మేకల్ని మళ్లీ ఒకసారి లెక్కపెట్టుకునే మొహంతో.

ఇంతే.
నిరుడు పెద్ద టైర్లు వేయించుకున్నావు, చూడ్డానికి బాగుంటాయని.
అప్పట్నుంచి నీ బండి
నాన్న చెప్పులేసుకున్న పిల్లాడిలా
అడుగు తీసి అడుగు వెయ్యలేకపోతోంది.
ఈ పళ్లు అడుగును చిన్నది చేస్తాయి.
చిన్నడుగు వేసేవాళ్లే బరువు మోస్తారు,
కావాలంటే నీ గాడిదనడుగు.

బాహా కాలిఫోర్నియా ఎండకి
షెడ్డు రేకు పెనంలా చిటపటమంది.
పాత నూనె డబ్బాలోకి జారింది
నల్లగా, వెండి రజనుతో.
విప్పిన డిఫరెన్షియల్ ఒళ్లో పెట్టుకుని చూపించాను:
"ఇదీ దీని ధర్మం.
ఏ చక్రం గాల్లో ఊరికే తిరుగుతుందో
తిరుగుడంతా దానికే.
నేలను కరిచి పట్టుకున్నదానికి సున్న."
నవ్వుతాడనుకున్నాను.
"మా నీళ్ల కమిటీ కూడా అంతే" అన్నాడు.

పళ్లకి పసుపు రంగు పూసి
ముందుకి తిప్పి, వెనక్కి తిప్పి
మచ్చ ఎక్కడ పడిందో దీపం పెట్టి చూశాను.
పంటి మొదట్లో. లోతెక్కువ.
విప్పాను, షిమ్ము తీశాను.
పంటి అంచున.
విప్పాను, వేరే షిమ్ము.
మూడోసారికి ఫిదెన్సియో టైరు మీద తలపెట్టి నిద్రపోయాడు.
నాలుగోసారి నడిమధ్యన,
చింతగింజంత, కుదురుగా.

క్రౌనుకీ పినియనుకీ మధ్య
రెండు వెంట్రుకల సందు ఉండాలి.
మరీ దగ్గరైతే కాలిపోతాయి,
ఎడమైతే కొట్టుకుంటాయి.
నాకు పని నేర్పిన మెలితోన్ గేజీ ముట్టేవాడు కాదు,
వేలితో ఊపి సరే అనేవాడు.
అతను కట్టిన బళ్లు సగం
సముద్రం దాకా మూలుగుతూనే వెళ్లేవి.
నేను ముల్లు చూస్తాను.

ముందు యాక్సిల్‌కీ అవే పళ్లు వేశాను.
ముందుదొక లెక్క, వెనకదొక లెక్క అయితే
ఒక బండిలో రెండు కాపురాలు.

తెల్లారగట్ల అతన్ని లేపి
స్టీరింగు పక్కన ఎర్ర మీట చూపించాను.
"నొక్కితే ఫుస్సుమంటుంది.
ఇక వెనక చక్రాలు రెండూ ఒకటే.
ఎక్కేటప్పుడు నొక్కు. మలుపులో విడిచిపెట్టు.
మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం నడవాలి,
దాన్ని నడవనివ్వు."
తల ఊపాడు.
వినని వాళ్లు ఎలా తల ఊపుతారో నాకు తెలుసు.
వెనక ఆరొందల లీటర్ల నీళ్లు కుదుపుకుంటూ పోయాయి.

ఆదివారం పనేం లేదు.
ఏడుపు మెట్ట దాకా నడిచాను.
పెద్ద నాగజెముళ్లు ఇంకా చల్లగానే ఉన్నాయి.
ఆరేళ్లుగా అతని కుడి వెనక చక్రం తవ్విన గుంట,
ఎవరెవరో రాళ్లు పోసిన గుంట,
అలాగే నోరు తెరుచుకుని ఉంది.
కొత్త జాడ దాని మీదుగా పోయింది.
ఆగలేదు. మట్టి చిమ్మలేదు.
ఎడమ అచ్చూ కుడి అచ్చూ
ఒకే చేతిరాత.
కాసేపు అక్కడే కూచున్నాను.
ఎవరూ లేరు కనక గట్టిగానే నవ్వాను.

మెట్ట దాటాక మలుపు.
అక్కడ లోపలి టైరు
అరచెయ్యి వెడల్పున నేలని గీకేసింది,
ఒక చివర నుంచి ఇంకో చివరికి.

చెప్పాను. విడిచిపెట్టమని చెప్పాను.
మిగిలిన బాకీ కింద
మేకపాల చీజు ముద్దలు తెస్తాడుగా,
అప్పుడు మళ్లీ చెప్తాను.