అమాలు

పికో దీవిలో ఫిబ్రవరి. రెండు రోజులుగా పడవల్లేవు.
గ్రసియేతె ఒళ్ళో పన్నెండు రోజుల పిల్లాడు
రొమ్ము పట్టుకుంటాడు, జారిపోతాడు.
టక్, టక్‌మని నోట్లో చప్పుడు.
పెదవి మూల నుంచి పాలు మెడ మడతల్లోకి.
తల్లి పళ్ళు బిగబట్టి గోడకేసి చూస్తుంది.
త్రాసు ఇంకా పుట్టిననాటి అంకెకి చేరలేదు.

తొడుగేసుకుని చిటికెన వేలు పెట్టి చూశాను.
ఏడ్చినా నాలుక కొస పైకి లేవదు,
కింద తెల్లటి పొర, గుడారం తాడులా బిగిసి.
"అందరికీ కత్తిరించం," అన్నాను. "వీడికి మాత్రం, డాక్టరొచ్చాక."

అప్పటిదాకా ఉల్లిపాయలు వలుస్తున్న నాయనమ్మ దెయోలిండా
"నాకూ అంతే," అంది.
మొగుడి పేరు అమారు.
నలభై ఒక్క ఏళ్ళ కాపురంలో
అమాలు అనే పిలిచింది.
"వెక్కిరించేవాడా?"
"బడిలో పిల్లలు వెక్కిరించారు. ఆయన మాత్రం
రేవులో అందరికీ తన పేరే అదని చెప్పుకున్నాడు."

మూడో రోజు పడవొచ్చింది.
కత్తెర పని ఒక్క క్షణం,
గుడ్డ మీద శనగగింజంత రక్తం.
వెంటనే ఏమీ మారలేదు. అదే టక్, టక్.
వారం పాటు వేలి కొసతో నాలుకకి ఆట నేర్పాం.
ఓ తెల్లవారుజామున చప్పుడాగింది.
గుటక.
గుటక.
గ్రసియేతె భుజాలు కిందికి దిగాయి.

నేను సంచీ సర్దుకుని వెళ్తుంటే
ముసలమ్మ వంటింటి అద్దం ముందు
నోరు తెరిచి, నాలుక ఎత్తబోతోంది.
నన్ను చూసి మూసేసుకుంది.
"నాకొద్దులే," అంది.
"ఇప్పుడు సరిగ్గా పిలిస్తే
ఇంకెవరినో అనుకుంటాడు."