పాత బాకీ గడి

మూడేళ్ల కింద ఈ స్తంభమెక్కి
కాగితం మిల్లుకి కరెంటు కోసింది నేనే.
నిబారణ్, లైన్‌మన్, రాణీగంజ్ సెక్షను.
ఆ రోజు ఊడబెరికిన ఫ్యూజు గొట్టం
ఇంకా మా ఇంట్లోనే ఉంది.
దామోదర్ గాలికి తలుపు కొట్టుకోకుండా
మా ఆవిడ దాన్ని అడ్డం పెడుతుంది.

ఇప్పుడు మళ్లీ ఎక్కమంటున్నారు.
అనేముందు మూడు వారాలు
డివిజన్ ఆఫీసు గోడకి
నిచ్చెనతో పాటు నన్నూ ఆనించి ఉంచారు.

లోపల అనాదిబాబు.
ఎదురుగా కేతకి బజోరియా,
దివాలా తీసిన మిల్లుని కోర్టు ద్వారా కొన్నావిడ.
మధ్య బల్ల మీద నాలుగు కోట్ల పదిహేడు లక్షలు,
ఆపైన మూడు వందల ఆరు రూపాయలు.

"నేను కొన్నది మిల్లుని. వాళ్ల పాపాల్ని కాదు."
"కరెంటు మనిషికివ్వమమ్మా, జాగాకిస్తాం.
జాగా అక్కడే ఉంది. బాకీ కూడా కదల్లేదు."
"పాతవన్నీ చెల్లు అంది ట్రైబ్యునల్.
పలక తుడిచి నా చేతికిచ్చింది."
"తుడిచిన గుడ్డ మాది కదమ్మా."

ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగాలంటారు.
తిన్నవాడు నైనిటాల్లో చల్లగా ఉన్నాడట.
నీళ్లగ్లాసు మాత్రం ఈ బల్ల మీద
ఆవిడ వైపొకసారి, ఈయన వైపొకసారి జరుగుతోంది.
దాహం నాకేస్తోంది. నన్నెవరూ అడగలేదు.

అనాదిబాబు మాట కొట్టిపారేయలేం.
ఆ నాలుగు కోట్లు ఎవరూ కట్టకపోతే
గాల్లో కలిసిపోవు.
వచ్చే ఏడు యూనిట్‌కి నాలుగు పైసలై
టీకొట్టు బల్బులో, మా ఇంటి ఫ్యానులో
చడీచప్పుడు లేకుండా తిరుగుతాయి.
ఆవిడ మాటా అబద్ధం కాదు.
పోయినవాడి అప్పుని పాడెతో సహా
వచ్చినవాడి భుజానికెత్తితే
ఏ మిల్లు గేటూ మళ్లీ తెరుచుకోదు.
ఇద్దరికీ తలూపాను.
తలూపినందుకు జీతం కోయరు.

చివరికి పైనుంచి కాగితం వచ్చింది.
బోర్డుకి రూపాయికి రెండు పైసలు,
మిగతాదానికి నీళ్లొదులుకోండి.
అనాదిబాబు చదివి, మడిచి,
కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ విప్పి చదివి,
"ఎక్కు నిబారణ్" అన్నాడు.

గేటు తీసింది భోంబల్ మాఝీ.
కంపెనీ కూలినప్పుడు వాచ్‌మన్‌ని పొమ్మని ఎవరూ అనలేదట.
జీతమిస్తామనీ ఎవరూ అనలేదట.
మీటరు గదిలో గోడ నిండా బొగ్గుగీతలు,
ఐదేసి చొప్పున కట్టలు కట్టినవి.
"ఏంటివి?"
"కొవ్వొత్తులు. నువ్వు కోసిన రాత్రి నుంచీ.
గేటు దగ్గరొకటి, బాయిలర్ దగ్గరొకటి.
చీకటి కనిపిస్తే దొంగలు ఊరుకోరు కదా.
డబ్బులు నావే."
"అప్పులవాళ్ల లిస్టులో రాయించుకోలేదా?"
"తారీఖు దాటాక తెలిసింది.
ఫారం ఇంగ్లీషులో ఉంది."

పక్కనే సున్నం బకెట్లు.
కొత్త యజమాని రేపొస్తారు,
గోడలన్నీ తెల్లగా ఉండాలట.

ఎక్కాను. అడ్డపట్టీ మీద కాకి గూడు,
గూట్లో తీగముక్కలు, మా బోర్డువే.
కాకికి బిల్లు వేసే రూలు ఇంకా రాలేదు.
కొత్త ఫ్యూజు ఎక్కించి దిగాను.
లోపలెక్కడో ఒక మోటారు దగ్గి, సర్దుకుంది.
కొత్త మీటరు సున్నా దగ్గర కళ్లు తెరిచింది.
ఎవరి కొంపా ఎరగనట్టు.

ఫారంలో 'పాత బాకీ' అని ఒక గడి.
'లేదు' అని రాయాలి, చెప్పే పంపారు.
సున్నం బ్రష్షు ఆ మూలకి వచ్చేలోపు
భోంబల్ వేలు పెట్టి గీతలు లెక్కపెట్టాడు.
రెండు వేల నూట నలభై దాకా వచ్చి తప్పిపోయాడు.
మళ్లీ మొదలుపెడదామంటే
మొదలు అప్పటికే తెల్లబడింది.

గడిలో రాశాను:
కొవ్వొత్తులు, రెండు వేల నూట నలభై,
ఇంకా కొన్ని.

అనాదిబాబు ఎర్రసిరాతో కొట్టేసి
పక్కన పొట్టి సంతకం పెట్టాడు.
తలెత్తకుండానే అడిగాడు,
"కొవ్వొత్తి ఇప్పుడు ఎంతుంది?"
తెలీదన్నాను.