బోరులో గోరు

కావలి బైపాసు పక్కన దస్తగిరి పాత ఇనుము కొట్లో
మూడు ఇంజన్ బ్లాకులు, గడ్డిలో బోర్లా.

మాలకొండయ్య చిన్న సుత్తితో తట్టి చెవి ఒగ్గాడు.
ఒకటి పగిలిన కుండ.
ఒకటి కంచుగంట.

మోగినదాని బోరులో చిటికెనగోరు దించాడు,
పైఅంచున సన్నటి మెట్టు.
"ఇంకో సైజుకి చోటుండాది."
కిరసనాయిలు పూసి, తుడిచి, సుద్దపొడి చల్లి
బీడీ అయిపోయేదాకా చూశాం. గీత తేలలేదు.
నేను డబ్బు తీయబోతే
నీటిదారిలో వేలు తిప్పి నాలుక్కి రాసుకున్నాడు.
"ఉప్పు. రొయ్యల గుంట మీద తిరిగుండాది.
లోపల గోడ పేపరైపోయుంటాది."

మూడోదాని పక్కన వంకర ఇత్తడి అతుకు.
దాన్ని కొట్టలేదు.
తుప్పు తుడిచి, అరచెయ్యి ఆనించి ఊరుకున్నాడు.
"నాదే. వంకర పోసినానని
మా మేస్త్రి చెంప పగలగొట్టినాడు."

అవతల దస్తగిరి కిలో రేటు చెబుతూనే ఉన్నాడు.