మాసిక

నెల్లిమర్ల మిల్లులో నా పని సంచులు కుట్టడం కాదు,
కుట్టిన సంచుల్లో సిల్లులు ఎతకడం.
ఎలుగుకి ఎత్తి పడితే
సుక్కలాగ మెరుస్తాది. అక్కడ మాసిక ఎయ్యాల.
పదకొండేళ్లగా ఇదే పని.
నా కంటికి ఆనని సిల్లు ఒక్కటే,
నా గుంటడి తలలోది.

గోగునార లారీ మీంచి పడ్డాడు మా సన్నేసి.
తాత పేరు. బళ్లో అయితే సన్యాసినాయుడు, మూడో తరగతి.
మర్నాటికి కళ్ల సుట్టూ నలుపు దిగినాది.
కాటుక ఎవులు పెట్టినారురా అని మా ఆడబిడ్డ నవ్వినాది.
మూడోనాడు ముక్కంట నీరు.
పడిశెం అనుకుని మిరియాలు కాసి పోసినాను.
వొంగితే సాలు, సరిగ్గా కట్టని కుళాయిలాగ
ఒక సుక్క, ఆగి, ఇంకో సుక్క.
"అమ్మా, గొంతులోకి ఉప్పగా దిగతంది,
కోనాడ సముద్రంలాగ" అన్నాడు.

విజయనగరం పెద్దాసుపత్రిలో
ప్రిస్కిల్లా సిస్టరు తలగడ గలేబు సూసినాది.
నడిమద్దిన రగతం మరక, దాని సుట్టూ తడి గీత,
సందమామకి వరదగుడి కట్టినట్టు.
మరి మాటాడలేదు. గలేబు ఊడదీసి
డాక్టరమ్మ గదికి పరుగు.

మజ్జి డాక్టరమ్మది గజపతినగరం పక్క.
మందుసీటీ ఎనకాల బొమ్మ గీసినాది.
"మెదడు నీళ్లలో తేలుతుంటుందమ్మా. ఆ నీటికి ఒక సంచి.
ముక్కు పైనున్న ఎముక పగిలి సంచి చిరిగింది.
కారిపోయే నీటికి కాదు నా భయం,
ఆ దారంట లోపలికి ఎక్కే పురుగుకి."
అందాకా ఆవిడ మాటలు గాలికి పోనాయి.
సంచి అనీసరికి నా సెవులు నిలబడ్డాయి.

దానంతటది పూడుతాదేమోనని ఎనిమిది రోజులు సూసినారు.
తల ఎత్తుగా ఉంచు. ముక్కు సీదనివ్వకు.
తుమ్మొస్తే నోరు తెరిపించు. దొడ్డికెల్తే ముక్కనివ్వకు.
నడుంలో సన్న గొట్టం ఎట్టి నీరు తీసినారు.
పక్క మంచం ముసలాడు కోడిలాగ కూసి నవ్వించబోతే
కాళ్లట్టుకున్నాను, బాబ్బాబు వొద్దని.
పూడలేదు.

సంతకం ముందర ఒకటే అడిగినాను.
"మాసికకి గుడ్డ ఎక్కడిది డాక్టరమ్మా?"
ఆవిడ నవ్వలేదు.
"వాడి తొడలోదే. కండ మీద తెల్లటి పొర ఉంటుంది, గట్టిది."
"కుట్లెన్ని?"
"సూది అందినన్ని. అందని చోట జిగురు."
సరే అన్నాను.
పాత సంచికి పరాయి గుడ్డ నిలవదు,
అదే నేత అయితే నిలుస్తాది.
ఇది నాకు ఒకరు సెప్పక్కర్లేదు.

ఆరు గంటలు.
బయట బల్ల మీద నా ఏళ్లు ఊరుకోలేదు,
సీర కుచ్చిళ్లు ఒక్కొక్కటే తడుముకుంటూ పోనాయి.

పదోనాడు "వొంగరా" అన్నాది డాక్టరమ్మ.
వాడు వొంగినాడు.
అందరూ వాడి ముక్కు సూసినారు, నాను నేల సూసినాను.
గచ్చు పొడి.

వాసన పోవచ్చని ముందే సెప్పినాది.
పోతే పోనీ, ఏటి సేసుకుంటాం వాసనతో అన్నాను ఆరోజు.

ఇంటికొస్తంటే గెడ్డ కాడ బస్సు ఆగినాది.
నానేసిన గోగు కట్టలు కుళ్లి, కడుపులో దేవే కంపు.
డ్రైవరు దగ్గర్నించి అందరూ ముక్కులు మూసుకున్నారు.
మిల్లు నూనె కొడతన్నావని నన్ను పక్కలోంచి తోసీసే గుంటడు
కిటికీలోంచి తల బయటెట్టి, గాలి నిండా పీల్చి,
ఇటు తిరిగి అడిగినాడు,
"ఏటమ్మా, అందరూ అలా ఉన్నారు?"

నా కొంగు నా ముక్కు మీదే ఉంది.
తీసేసినాను.