కరపత్రంలో మోచెయ్యి

చంద్రగిరి కోటలో
టికెట్ల గది నీడ ఇంకా పొట్టిగా కాకముందే
వచ్చినాడు ఆయన.
పోలెండు. వార్సాలో ట్రాము నడిపి రిటైరైనాడంట.
కొండకు పోయే బస్సుల వరసలోంచి
ఒక్కడే ఇటు దిగినాడు.

గైడు కావాలా అన్నాను.
కోట కథ అడగలా. రాయల కథ అడగలా.
చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి
"ఈమె ఎక్కడ?" అన్నాడు.

కరపత్రం.
వాళ్ళ ఊళ్ళో మన రాయబార కార్యాలయంలో
వీసా కిటికీ పక్క బల్లమీద పెట్టి
ఊరికే ఇస్తారంట.
రాజమహలు. దాని వెనక బండల గుట్ట.
పైన, ఇరవై ఏళ్ళలో నేనెప్పుడూ చూడని నీలం.
కింద అచ్చు మాట: కాలం ఆగిపోయిన చోటు.
ఎడమ అంచున
ఒక మోచెయ్యి, ఒక చీపురు,
పాచిరంగు చీర కుచ్చెళ్ళు.
మొహం కాగితానికి అవతలే ఉండిపోయింది.

కొండమీది సామికి ఏ కార్యాలయమూ
కాగితం అచ్చెయ్యలేదు ఎప్పుడూ.
పిలవకుండానే జనం వస్తా ఉండారు.
పిలుపు కావాల్సింది మా కోటకే,
ఆ పిలుపులో సగం చెయ్యి చెంగమ్మది.

మచ్చ చూసి గుర్తుపట్టినాను.
"మే చెంగమ్మా, ఇట్రా!"

కొంగుకు చేతులు తుడుచుకోని
కాగితాన్ని దగ్గరికి, దూరానికి పట్టి చూసింది.
"నా చెయ్యే.
బెల్లం గానుగలో పాకం చిందినప్పటి మచ్చ.
ఆ పొద్దు కెమెరావోళ్ళు జరగమన్నారు.
ఇంకా రెండు బారలుండాది, చిమ్మి జరుగుతాను అన్నాను.
ఎండ పోతా ఉండాదని వాళ్ళకు తొందర."

యాడిచ్చినారు ఇది, అనింది.
రాయబార కార్యాలయంలో.
అంటే ఏంది?
ఇంకొకరి దేశంలో మన దేశానికి ఒక ఇల్లు.
గేటుంటుంది, జెండా ఉంటుంది.
మా ఊళ్ళు చూసిపోండి అని పిలుస్తారు.

చీపురు కట్టను అరచేతిలో తట్టుకుంటా
కొంచేపు నిలబడింది.
"ఆ ఇంటి వాకిలి ఎవురు చిమ్ముతారు?"

నాకు తెలీదు. ఆయన్నే అడిగినాను.
నవ్వుతాడనుకున్నా. నవ్వలా.

చలికాలం, పొద్దున ఆరు.
నా మొదటి ట్రాము ఆ వీధి మలుపు తిరిగే వేళకు
మీ గేటు ముందర ఒక ముసలామె
పారతో మంచు తోస్తా ఉండేది.
గంట కొడితే చెయ్యెత్తేది.
తలకూ మొహానికీ ఉన్ని గుడ్డ.
పదకొండేళ్ళు. మొహం చూడలేదు నేను.
ఒక ఏడు ఆమె లేదు.
ఎవరినడగాలో తెలీక లోపలికి పోయినాను.
లోపల ఈ కాగితం ఇచ్చినారు.

తెలుగులోకి మార్చి చెప్పినాను, చేతనైనంత.
చెంగమ్మ అడిగింది,
"మంచు, దుమ్ముకంటే బరువా?"
"తడిస్తే బరువే" అన్నాడాయన.

కింది అచ్చు మాట చదివి చెప్పినాను ఆమెకు.
"కాలం యాడ ఆగిందబ్బయ్యా?
కాంట్రాక్టరు దగ్గర జీతం ఆగింది,
మూడు నెలలు."

ఏమంటోంది, అని ఆయన.
మళ్ళీ రమ్మంటోంది, అన్నాను.
నాకు జెండా లేదు, గేటు లేదు.
మాట మాత్రం నున్నగా వచ్చింది.

పోయే ముందు ఒక ఫోటో అడిగినాడు.
చెంగమ్మ చీపురు గోడకానించి
మోచెయ్యి పైటకింద దాచుకోని
కెమెరాలోకి సూటిగా చూసింది,
రేషన్ కార్డుకు చూసినట్టు.

ఆయన గేటు దాటే లోపల గాలి లేచింది.
మహలు ముందర చింతాకు, చిప్స్ కవర్లు,
ఎవరో చింపి పారేసిన టికెట్టు ముక్కలు.
"ఇంకా రెండు బారలు" అనుకుంటా
వంగింది.